సున్నా

ముందు చేతులు కడగాలి.
గోరువెచ్చని నీళ్లతో, సబ్బుతో, గోళ్ల సందుల్లో కూడా.
వేలిమీద దుమ్ముంటే
నెత్తురు మీద నింద పడుతుంది,
అంటుంది నర్సు లమారా, వచ్చిన ప్రతి తల్లితోనూ.

బతూమిలో వాన.
క్లినిక్ గుమ్మంలో గొడుగులు
ఒకదానిమీద ఒకటి వాలి నీళ్లు కారుస్తున్నాయి.
ఉచాకి రెండేళ్లు దాటి మూడు నెలలు.
నురగ చూసి నవ్వాడు,
సూది చూసి నవ్వలేదు.
ఉంగరం వేలి కొసన ఒక చుక్క,
దానిమ్మ గింజలో సగం.
సన్నని గాజు గొట్టం దాన్ని తాగేసింది.

మూడు నిమిషాలు.
యంత్రం లెక్కపెడుతున్నంతసేపూ
నాయనమ్మ నజిబ్రోలా వాడి వేలికి ఊదుతూనే ఉంది.
వాళ్లమ్మ రొట్టెల బట్టీలో, తెల్లవారుజాము షిఫ్టు.
కలిపేది, తినిపించేది, మూతి తుడిచేది
ఈవిడే.

పద్నాలుగు.
"పద్నాలుగా!" అని మురిసిపోయింది,
మనవడికి బళ్లో మార్కులొచ్చినట్టు.
"ఎంతకి పద్నాలుగు?"

లమారా పెన్ను మూత పెట్టింది, మళ్లీ తీసింది.
"బెబియా, ఈ లెక్కలో మంచి అంకె ఒక్కటే.
సున్నా."

జ్వరం లేదు, దగ్గు లేదు.
బుగ్గలు పీచు పళ్లలా ఉన్నాయి.
మాటలే కాస్త వెనక.
మగపిల్లలకి మాట ఆలస్యమే అని
మెట్ల మీద కూర్చుని బఠాణీలు ఒలిచే ఆడవాళ్లందరూ తీర్పిచ్చేశారు.
మోచేతి మడతలోంచి మళ్లీ తీసిన నెత్తురు మాత్రం
పద్నాలుగే అంది.

మంగళవారం ఇంటికొచ్చాడు ఒక కుర్రాడు,
తడిసిన బూట్లు గుమ్మం బయటే విప్పి,
చేతిలో తుపాకీ లాంటి పరికరంతో.
కిటికీ చెక్కకి గురిపెట్టాడు. ఏమీ లేదు.
ఉయ్యాల కమ్మీకి, రేకు కారుకి,
చెవి తెగిన చెక్క గుర్రానికి.
ఏమీ లేదు.
నజిబ్రోలాకి ధైర్యమొచ్చి కాఫీ పెట్టబోయింది.
అప్పుడు పొయ్యి పక్క అరలో ఉన్న సీసా దగ్గర
కుర్రాడి చెయ్యి ఆగింది.

బంతి రేకుల పొడి.
అక్రోటు ముద్దలోకి, కోడి పులుసులోకి,
వాడి గిన్నెలోకి రోజూ ఓ చిటికెడు.
"బజార్లో మూడు కుప్పలుంటే
మెరిసేదే ఏరుకున్నాను బాబూ,
రెండు నాణేలు ఎక్కువిచ్చి.
పిల్లాడికి కదా అని."

ఆ మెరుపు ఏ పువ్వుదీ కాదు.
సీసాలో సీసం.
పలికితే ఒకే మాటలా ఉంటాయి,
రాస్తే చివర ఒక్క సున్నా.
ఆ సున్నా కాదు లమారా చెప్పింది.

ముసలామె చాలాసేపు నిలబడే ఉంది.
తర్వాత అడిగింది:
"ఎక్కడ పారబొయ్యను?
పెరట్లో కోళ్లున్నాయి.
కాలవలో వేస్తే సముద్రానికి పోతుంది.
చెత్తలో వేస్తే ఎవరి పిల్లో ముట్టుకుంటుంది."
కుర్రాడి కాగితంలో ఆ ప్రశ్నకి గడి లేదు.
ఒక సంచీ తెరిచి పట్టుకున్నాడు.
పొడి పోసింది.
సీసా మాత్రం ఇవ్వనంది.
వాళ్లమ్మ నుంచి వచ్చిందట.
పోనీ కడిగిస్తాను, తెస్తాను అన్నాడతను,
తెస్తాడో లేదో తెలియని వయసు.

మూడు నెలలకి పదకొండు.
దిగుతుంది, మెల్లగా దిగుతుంది, అంది లమారా.
ఎంత పోయిందో యంత్రం చెబుతుంది,
పోతూ ఏం పట్టుకుపోయిందో చెప్పదు.
అది ఆమె పైకి అనలేదు.

ఆ సాయంత్రం పులుసు
పాలిపోయి, గోడ సున్నంలా ఉంది.
ఉచా చెంచాతో కెలికి చూశాడు.
గిన్నె తోసేశాడు.
నాయనమ్మ ముఖంలోకి చూసి,
నోరంతా తెరిచి,
ఒక్క అక్షరం కూడా మింగకుండా
"పసుపు" అన్నాడు.

వాడి మొదటి నిండు మాట.
గరిటె పట్టుకున్న చేత్తోనే
ఆమె వాడి ముందు నేలమీద కూలబడింది.
"మళ్లీ అను," అంది.